మా మాట వినే గంట ఒకటి కావాలి

నెల్లూరు జిల్లాలోని ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, వీరందరి పనినీ చూసే విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మండల కేంద్రంలో నేను జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. మా వారు రొయ్యల గుంటల మీద పని చేస్తారు. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి. ఈ లేఖ ఒక తల్లిగా రాస్తున్నాను. అయితే ఇందులోని సంగతులు చాలావరకు దుకాణంలో నిలబడి చూసినవి. మా దగ్గర బడి నుంచి బయలుదేరిన మాట ఇంటికి చేరే ముందు నా దుకాణం దగ్గర ఆగుతుంది.

రోజూ ఎవరో ఒకరు వచ్చి ఫోను నా చేతికిస్తారు. "బడి నుంచి ఏదో వచ్చిందమ్మా, చదివి చెప్పు" అంటారు. తెరిస్తే ఇంగ్లీషులో అచ్చయిన కాగితం ఫొటో ఉంటుంది. ఆధార్ నకలు పంపమనో, బ్యాంకు ఖాతా సరిచూసుకోమనో, ఫీజు బాకీ ఇంత ఉందనో, ఫలానా తేదీన సంతకానికి రమ్మనో ఉంటుంది. చదివి తెలుగులో చెబుతాను. కావలసిన నకళ్లు తీసి ఇస్తాను. నాకు దీనివల్ల నాలుగు రూపాయలు వస్తాయి, ఆ మాట దాచను. కానీ ఇన్నేళ్లలో "మీ అబ్బాయి ఈ వారం భిన్నాలు బాగా చేశాడు" అనో, "మీ అమ్మాయి నాలుగు రోజులుగా దిగులుగా కనిపిస్తోంది, ఇంట్లో ఏమైనా జరిగిందా" అనో ఉన్న సందేశం ఒక్కటి కూడా నా కంట పడలేదు. బడికి మా నుంచి ఏదైనా కావాలంటే మా ఫోను మోగుతుంది. మా పిల్లల గురించి మాకు తెలిసింది బడికి చెప్పాలంటే ఎక్కడ చెప్పాలో తెలియదు.

ఈ రెండో సంగతి గురించే నా బాధ అంతా. జరిగిన విషయం చెబితే మీకు అర్థమవుతుంది.

నిరుడు మా అమ్మాయికి లెక్కల్లో మార్కులు పడిపోతూ వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డులో "శ్రద్ధ తక్కువ" అనే అర్థం వచ్చేలా ఒక ఇంగ్లీషు మాట రాసి ఉంది. మా వారు మందలించారు, నేనూ మందలించాను. టీవీ కట్టేశాం. రాత్రి పూట పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించాను. ఎక్కాలు తడుముకోకుండా చెప్పేది. మరుసటి పరీక్షలో మార్కులు ఇంకా తగ్గాయి. పిల్ల మాట్లాడటం తగ్గించింది.

ఒకరోజు సాయంత్రం వాళ్ల లెక్కల మాస్టారు ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించడానికి దుకాణానికి వచ్చారు. యంత్రం తిరుగుతుండగా ఊరికే మాట కలిపారు. "మీ అమ్మాయి తెలివైన పిల్లేనమ్మా. బోర్డు మీది లెక్క ఎక్కించుకునేటప్పుడే పరధ్యానం. 8 ఉన్నచోట 3 వేస్తుంది. లేకపోతే పక్క పిల్ల నోటుపుస్తకం చూసి రాసుకుంటుంది" అన్నారు. నా చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే ఆర్నెల్లుగా ఇంటి దగ్గర నేనొకటి చూస్తున్నాను. రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే బోర్డు చదివి ముందుగా అరిచే పిల్ల, ఇప్పుడు బస్సు వచ్చి ఆగేదాకా మాట్లాడటం లేదు. "అది మన బస్సేనా అమ్మా" అని నన్నే అడుగుతోంది. ఆమాటే మాస్టారుతో అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ శనివారమే నెల్లూరు తీసుకువెళ్లి కళ్లు చూపించాం. రెండు కళ్లకూ మైనస్ రెండు దాటి ఉంది.

కళ్లజోడు పెట్టుకున్న రోజు వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయని నాకు చెప్పింది. దాన్ని ఆర్నెల్లు తిట్టిన సంగతి నేను మరిచిపోలేను.

ఇందులో మాస్టారు తప్పేమీ లేదు. ఆయన తరగతిలో నలభై మందికి పైగా పిల్లలు. ఆయనకు తెలిసింది సగం, బోర్డు దగ్గర అంకెలు తప్పుతోందని. నాకు తెలిసింది సగం, బస్సు బోర్డు చదవడం లేదని. ఈ రెండు సగాలూ కలిస్తే ఎవరైనా ఒక్క నిమిషంలో పోల్చుకునే విషయం. అవి కలవడానికి ఆరు నెలలు పట్టింది. అదీ ఆయనకు నకళ్లు అవసరమై నా దుకాణానికి రావడం వల్ల. జిరాక్సు దుకాణం లేని తల్లి మాటేమిటి? తెల్లవారుజామున నాట్లకు వెళ్లే తల్లికి లెక్కల మాస్టారు ఎక్కడ ఎదురుపడతారు?

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. వేళకు బడికి రావడం, పాఠ్యప్రణాళిక పూర్తి చేయడం లాంటి వాటితోపాటు, క్రమం తప్పకుండా తల్లిదండ్రులతో సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ముందడుగు, వారికి సంబంధించిన ఇతర సంగతులు తెలియజేయాలని కూడా అందులో ఉంది. అంటే తల్లిదండ్రులతో మాట్లాడటం పాఠం చెప్పడంతో సమానంగా రాసిన విధి. అదే చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీ గురించి చెబుతుంది. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఈ కమిటీ నియమం వర్తించదు.

మా అబ్బాయి చదివే బడి కమిటీలో నేనూ సభ్యురాలిని. ఎన్నుకున్న రోజు ఇంటికి వచ్చి మా వారితో ఎంతో గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత జరిగిన "సమావేశాలు" ఇలా ఉన్నాయి: ఒక పిల్లవాడు రిజిస్టరు పట్టుకుని దుకాణానికి వస్తాడు, "సార్ సంతకం పెట్టమన్నారు" అంటాడు. తీర్మానం అప్పటికే రాసి ఉంటుంది. మొదటిసారి చదివి పెట్టాను. రెండోసారి చదివి, ఒక మాట అడగాలని బడికి వెళ్లాను. "మీకెందుకమ్మా ఈ తలనొప్పి, మేం చూసుకుంటాం కదా" అన్నారు. ఆ అన్నవారు చెడ్డవారు కారు. నాకు శ్రమ తగ్గించాననే అనుకున్నారు. కానీ నా సంతకం ఉన్న ఆ కాగితం మీద నా మాట లేదు.

మంచి జరిగినప్పుడు మంచి అనాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టారు. మళ్లీ 2025 జూలై 10న పెట్టారు. రెండింటికీ వెళ్లాను. బడి గేటు లోపల అంతమంది తల్లులను నేను అంతకుముందు చూడలేదు. పిల్లలు మా చేయి పట్టుకుని తీసుకువెళ్లి వాళ్ల తరగతి, వాళ్ల బల్ల, గోడ మీద వాళ్లు వేసిన బొమ్మ చూపించారు. వాళ్లతో కలిసి భోజనం చేశాం. మా వారు ఆ రోజు గుంట దగ్గర బదిలీ మనిషిని పెట్టి వచ్చారు. పెళ్లయిన తర్వాత ఆయన బడిలో అడుగుపెట్టడం అదే మొదలు. కనుక ఆ రోజును నేను తక్కువ చేయను. కానీ ఆ రోజు మైకు ఉంది, ముగ్గులు ఉన్నాయి, అతిథులు ఉన్నారు. అబ్బాయి టీచరుగారి ముందు నా వంతు వచ్చేసరికి నా వెనక పదిహేను మంది. "బాగా చదువుతున్నాడమ్మా" అన్నారు. "సరే మేడమ్" అన్నాను. వాడు రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాడని, బడికి వెళ్లే ఆటోలో ఎవరో పెద్ద పిల్లలు వాడిని కొడుతున్నారేమోనని నా అనుమానం. పదిహేను మంది వింటుండగా ఆ మాట నోట్లోంచి రాలేదు. ఏడాదికి ఒకటి రెండు పండుగ రోజులు చాలవు. పండుగ హడావుడి లేని మామూలు గంట ఒకటి మాకు కావాలి.

ఇక ప్రైవేటు బడుల సంగతి. అక్కడ సందేశాలకు కొదవ లేదు. ప్రతి వారం పరీక్ష, ప్రతి పరీక్షకూ ర్యాంకు, ఆ ర్యాంకు సాయంత్రానికల్లా తండ్రి ఫోనులోకి. 27 నుంచి 41కి దిగిందని తెలుస్తుంది. ఎందుకు దిగిందో, ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో తెలియదు. ఆ రాత్రి ఇంట్లో పిల్ల మీద పడే కేక మాత్రం ఆ అంకె వల్లనే. యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే: అంకె పంపేటప్పుడు దాని పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాయండి. ఫీజు గుర్తుచేయడానికి ఒక మనిషిని పెట్టుకోగలిగిన బడి, పిల్లల గురించి మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టుకోలేదా?

తెలుగు అన్నాను కనుక మా అమ్మ గురించి చెప్పాలి.

మా పుట్టిల్లు కలిగిరి వైపు. 1990ల తొలి ఏళ్లలో మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు అమ్మ రాత్రిబడికి వెళ్లింది. పగలంతా కూలి పని, రాత్రి లాంతరు వెలుగులో పలక. ఆ మార్కాపురం పలక, చట్రం ఊడిపోయింది కానీ, ఇప్పటికీ అటక మీద ఉంది. నేను అప్పుడే బడిలో చేరాను. ఇద్దరం ఒకేసారి అ ఆలు దిద్దామని అమ్మ నవ్వుతూ చెబుతుంది. రాత్రిబడి వాచకంలోని ఒక పాఠంలో ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయిస్తారు. పాఠం చదివించి వదిలేయడం కాదు, "మరి మన ఊళ్లో ఎలా ఉంది?" అని అడిగేవారట. ఆ ప్రశ్న వేసిన తర్వాత రాత్రిబడిలో అక్షరాల కంటే మాటలే ఎక్కువ నడిచేవని అమ్మ అంటుంది. కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మగారు, ఆమెతోపాటు ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు తిరిగింది ఆ మాటల్లోంచే. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. చదువు చెప్పేవారు ఎదుటి మనిషిని ఒక ప్రశ్న అడిగి, జవాబు వినడానికి ఆగినందుకు ఈ జిల్లాలో జరిగిన పని అది.

ఆ రాత్రిబడిలో చదువుకున్న మా అమ్మకు ఇప్పుడు అరవై దాటాయి. మా అన్నా వదినా బెంగుళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు. పిల్లలిద్దరూ అమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దవాడి ప్రోగ్రెస్ కార్డు నా ముందు పెట్టి, "ఇందులో ఏముందో చూడమ్మా" అంది. కార్డంతా ఇంగ్లీషు. సంరక్షకుల సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది. నేను నిర్ఘాంతపోయాను. "నీకు సంతకం వచ్చుగా అమ్మా" అన్నాను. "ఏముందో తెలియని కాగితం మీద సంతకం ఎలా పెట్టనే? వాళ్లే ఇంకు పెట్టె ముందుకు జరిపారు, వేలు పెట్టాను" అంది.

దీన్ని గురించి ఒక్క క్షణం ఆలోచించండి. లాంతరు వెలుగులో అక్షరం నేర్చుకుని వేలిముద్రకు స్వస్తి చెప్పిన మనిషి చేత, ముప్పయ్యేళ్ల తర్వాత ఒక బడి మళ్లీ వేలిముద్ర వేయించింది. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు అచ్చువేస్తున్నారు. అంత పెద్ద పుస్తకానికి సాధ్యమైంది ఒక్క కాగితం కార్డుకు ఎందుకు సాధ్యం కాదు? ఇంగ్లీషు మాధ్యమం వద్దని నేను అనడం లేదు, నా పిల్లలూ అందులోనే చదువుతున్నారు. పిల్లలకు చెప్పే పాఠం ఏ భాషలో ఉన్నా, పెద్దలకు చెప్పే మాట వాళ్లకు వచ్చిన భాషలో ఉండాలి.

అసలు అక్షరమే రానివారు మా చుట్టూ ఎందరో ఉన్నారు. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి జిల్లా ఇది. ఇప్పటికీ గుంటల గట్ల మీద, కాలువల పక్కన గుడిసెల్లో ఉంటూ పిల్లలను బడికి పంపే యానాది కుటుంబాలు మా మండలంలో చాలా ఉన్నాయి. నిరుడు వానలప్పుడు వాయుగుండం పట్టి మూడు రోజులు వాన వదలలేదు. సెలవు అన్న సందేశం ఉదయం బడి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మా దగ్గరి యానాది కాలనీలో ఒకటి రెండు ఇళ్లకు తప్ప వాట్సాప్ వచ్చే ఫోనులు లేవు. ఉన్న ఫోను తండ్రి జేబులో గుంట దగ్గర. ఆ కాలనీ నుంచి అక్కాతమ్ముళ్లు ఇద్దరు సంచులు నెత్తిన పెట్టుకుని, కల్వర్టు మీద పారుతున్న నీళ్లలో నడిచి బడికి వచ్చారు. గేటుకు తాళం. తిరిగి వెళుతుంటే దుకాణం వసారాలోకి పిలిచి తువ్వాలు ఇచ్చాను. ఇద్దరికీ పళ్లు కొట్టుకుంటున్నాయి. ఏమీ కాలేదు, ఇంటికి చేరారు. కానీ ఆ కల్వర్టు దగ్గర ఏమైనా జరిగి ఉంటే, గ్రూపులో సందేశం పెట్టాం అన్న జవాబు ఎవరికి పనికొచ్చేది?

ఊళ్లో గుడికి మైకు ఉంది, చర్చికి ఉంది, మసీదుకు ఉంది. సెలవు మాట ఉదయం ఆరుగంటలకు ఆ మూడింటిలో చెప్పించడానికి ఎవరూ కాదనరు, నేను అడిగి చూశాను. ప్రతి కాలనీలో ఫోను ఇంటి దగ్గరే ఉండే ఒక మనిషిని గుర్తించి, బడి ఆ నంబరు రాసిపెట్టుకోవాలి. చదవలేని వారి కోసం నోటితో చెప్పి వాయిస్ మెసేజ్ పంపవచ్చు. టైపు చేయడానికి పట్టేంత సేపు కూడా పట్టదు. టీచరుగారి గొంతు విన్న తల్లి దాన్ని రెండు మూడుసార్లు పెట్టుకుని వింటుంది. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

అంతకంటే ముఖ్యమైనది, చెప్పడానికి కొంచెం కష్టంగా ఉన్నది ఇంకొకటి ఉంది. అదే కాలనీకి చెందిన ఒక అవ్వ, మనవడు బడికి సరిగా వెళ్లడం లేదని కబురు వస్తే బడికి వెళ్లింది. గేటు పక్కన చెట్టు కింద మధ్యాహ్నం దాకా నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, తానుగా వెళ్లడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తిరిగి వస్తూ నా దగ్గర మంచినీళ్లు తాగి, "నేను వెళితే పిల్లవాడిని తక్కువగా చూస్తారేమోనమ్మా" అంది. నేను బడికి వెళితే "రండమ్మా, కూర్చోండి" అంటారు. ఆ అవ్వ వయసులో సగం లేని నన్ను "మీరు" అంటారు, ఆమెను "నువ్వు" అంటారు. గౌరవనీయులైన ఉపాధ్యాయులారా, ఇది మీ అందరి గురించీ కాదు. కాలనీకి స్వయంగా వెళ్లి, గుడిసె ముందు మంచం మీద కూర్చుని మాట్లాడి, మానేసిన పిల్లలను వేలు పట్టుకుని తీసుకొచ్చిన టీచర్లు నాకు తెలుసు. వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ "మీరు" అన్న మాట, ఒక కుర్చీ, ఈ రెండూ ప్రతి మనిషికీ దక్కనంతకాలం ఎన్ని యాప్‌లు పెట్టినా ఆ అవ్వ చెట్టు కిందే నిలబడుతుంది.

మీ కష్టం నాకు తెలియదని అనుకోవద్దు. హాజరు ఫోనులో ఎక్కించాలి, భోజనం ఫొటో తీయాలి, అడిగినప్పుడల్లా లెక్కలు పంపాలి. సిగ్నల్ లేక దుకాణం ముందుకు వచ్చి ఫోను పైకెత్తి నిలబడిన టీచర్లను రోజూ చూస్తున్నాను. ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడుల్లో ఆయన సెలవు పెట్టాలన్నా భయమే. విద్యాశాఖ అధికారులకు నేను చెప్పదలచుకున్నది ఇదే. తల్లిదండ్రులతో మాట్లాడటాన్ని ఇప్పుడున్న పనుల మీద ఇంకొక పనిగా, ఇంకొక యాప్‌గా, ఇంకొక ఫొటోగా పెట్టకండి. ఆ మాటలకు ఫొటో సాక్ష్యం అడిగిన రోజున అవి మాటలుగా మిగలవు. బదులుగా ఇప్పుడు అడుగుతున్న లెక్కల్లో కొన్ని తగ్గించి, ఆ సమయం వారికి ఇవ్వండి.

మా వైపు తప్పులూ ఉన్నాయి, వాటినీ రాస్తాను. సిమ్ మారుస్తాం, కొత్త నంబరు బడికి చెప్పం. రీఛార్జి అయిపోతే వారాల తరబడి ఊరుకుంటాం. టీచరు ఫోను చేస్తే అది మోగదు, ఆయన మమ్మల్ని నిర్లక్ష్యపు మనుషులు అనుకుంటారు. పెళ్లికి, తిరునాళ్లకు, రొట్టెల పండుగకు పిల్లలను మాన్పించి తీసుకువెళతాం, ఒక్క మాట ముందుగా చెప్పం. టీచరు పిల్లవాడిని ఒక మాట అంటే విషయం కనుక్కోకుండా బడి మీదికి గొడవకు వెళ్లే తండ్రులూ ఉన్నారు. అలాంటి ఒక గొడవ తర్వాత ఆ టీచరుగారు పిల్లల గురించి ఎవరితోనూ ఏమీ చెప్పడం మానేశారు. ఆమెను తప్పుపట్టలేను. బడితో మాకున్న పరిచయమంతా కబురు వచ్చినప్పుడే, ఆ కబురూ ఫిర్యాదే అయినప్పుడు, మొదటి మాటకే గొంతులు లేస్తాయి. అందుకే ప్రతి పిల్లవాడి గురించి మూడు నెలలకు ఒకసారైనా ఒక మంచి సంగతి ఇంటికి చెప్పండి. వెతికితే ప్రతి పిల్లవాడిలో ఒకటి దొరుకుతుంది. "మీవాడు తరగతిలో పడిపోయిన పిల్లను లేపి నీళ్లిచ్చాడు" అన్నా చాలు. ఆ ఫోను అందుకున్న తండ్రి, తర్వాత ఎప్పుడైనా మీరు లోపం చెప్పినప్పుడు తగ్గి వింటాడు.

వేళల గురించి కూడా ఒక మాట. సమావేశాలు ఉదయం పదిగంటలకు పెడతారు. ఎడగారు (రెండో పంట) నాట్ల రోజుల్లో ఆ వేళకు మా ఊరి తల్లులు మోకాటి లోతు బురదలో ఉంటారు. ఒక పూట కూలి వదులుకుని వచ్చి, మైకులో ఉపన్యాసం విని వెళ్లమంటే రెండోసారి రారు. గుంటల మీద పనిచేసేవారికి రొయ్యలు పట్టే రోజు కదలడానికి వీల్లేదు, మధ్యాహ్నం మేత వేశాక కాస్త తీరిక. ఇక సముద్రం మీదికి వెళ్లే వారి సంగతి చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఏడాది మొత్తంలో మత్స్యకార పాలెం తండ్రులు ఇంటి పట్టున ఉండేది ఆ రోజుల్లోనే. బడులకు వేసవి సెలవులు వచ్చేదీ దాదాపు అప్పుడే. మామూలుగా ఏప్రిల్ 23 చివరి పనిదినం, జూన్ 12న మళ్లీ తెరుస్తారు. అంటే ఏప్రిల్ 15కూ 23కూ మధ్య వారం రోజులు తండ్రులు ఒడ్డున ఉంటారు, బడి తెరిచి ఉంటుంది, ఏడాది చదువు లెక్క మీ చేతిలో ఉంటుంది. తీరప్రాంత బడుల సమావేశం ఆ వారంలో పెట్టండి. పాలెం పెద్దకాపుకు ముందుగా చెబితే ఆయనే అందరినీ వెంటబెట్టుకుని వస్తాడు. ఊరిని బట్టి వేళ పెట్టుకునే స్వేచ్ఛ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. జిల్లా మొత్తానికి ఒకే తేదీ, ఒకే గంట అంటే ఎవరో ఒకరు ఎప్పుడూ బయటే ఉండిపోతారు.

నేను అడిగే గంట ఇది: వారంలో ఒకరోజు, ఆ ఊరికి కుదిరే వేళ, బడిలో ఒక టీచరు తల్లిదండ్రుల కోసమే కూర్చోవాలి. ఆ గంటలో మాతో సంతకాలు పెట్టించకూడదు, కాగితాలు అడగకూడదు. వచ్చినవారు ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లి తలుపు చేరవేసి మాట్లాడాలి. మొదటి ప్రశ్న మీరే వేయండి, "ఇంటి దగ్గర పిల్లవాడు ఎలా ఉంటున్నాడు?" అని. మేము చెప్పింది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, తర్వాతి టీచరు మారినా అది ఉంటుంది. ఎవరూ రాని వారం ఆ టీచరు నోటుపుస్తకాలు దిద్దుకుంటారు, నష్టమేమీ లేదు. కానీ అలాంటి గంట ఒకటి ఉందని ఊరందరికీ తెలిసి ఉండాలి. ఆ గంటలో మేము చెప్పిన మాట పిల్లవాడికి తిట్టుగా తిరిగి రాదన్న నమ్మకం ఉండాలి.

అబ్బాయి సంగతి మీరు అడుగుతారేమో. మెగా సమావేశమైన రెండు వారాలకు వాడి టీచరుగారిని ఇంటికి వెళ్లే దారిలో ఆపి చెప్పాను. ఆమె నడిరోడ్డు మీద ఎండలో పది నిమిషాలు నిలబడి విన్నారు. మరునాటి నుంచి ఆటోలో వాడిని ముందు సీట్లో, డ్రైవరు వెనక కూర్చోబెట్టారు. ఇప్పుడు నిద్రపోతున్నాడు.

చివరగా నా వంతు. మా మండలంలో ఏ బడివారైనా, ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా, తల్లిదండ్రులకు పంపే నోటీసు తెలుగులో కావాలంటే నా దుకాణానికి పంపండి. పెద్ద అక్షరాలతో టైపు చేసి ఇస్తాను. ప్రోగ్రెస్ కార్డుకు తెలుగు పేజీ కావాలన్నా తయారు చేస్తాను. టైపుకు, కాగితానికి డబ్బు తీసుకోను. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు,
నెల్లూరు జిల్లా